వేవిళ్ళు: గర్భిణి వికారానికి కారణాన్వేషణ – ఒక వైద్యచరిత్ర పరిశీలన

వ్యాససంగ్రహం

గర్భధారణ తొలి నెలల్లో కలిగే వికారాన్ని తెలుగువారు వేవిళ్ళు అంటారు. దాని కారణాన్ని వైద్యులు దోషాల్లోను, గర్భాశయంలోను, మనసులోను, మెదడులోను, చివరికి పిండం నుంచి తల్లి రక్తంలో కలిసే ఒక ప్రోటీన్‌లోను వెదికారు. వాంతి చూసేవారికి కనబడుతుంది. వికారం మాత్రం అనుభవించే మనిషి చెబితే తప్ప తెలియదు. ఈ తేడా కారణాన్వేషణను ఏయే దారులు పట్టించిందో, కారణం దొరకని కాలంలో రోగిణి మాటకు ఏపాటి విలువ దక్కిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: వికారం, వేవిళ్ళు, ఛర్ది, దౌహృదం, థయామిన్, థాలిడొమైడ్, జిడిఎఫ్-15

1. ప్రవేశిక

సంస్కృతంలో ‘వికారం’ అంటే మార్పు, ఉన్న స్థితి నుంచి తొలగడం. తెలుగులోకి వచ్చాక ఈ మాట రూపం చెడడాన్నీ, వాంతి రాబోయే ముందు కడుపులో కలిగే బాధనూ చెప్పే మాట అయింది. వాడుకలో దీనికి తోడు మాటలు చాలా ఉన్నాయి: కడుపులో తిప్పడం, కడుపులో దేవడం, డోకు రావడం, ఓకరించడం. ఆయుర్వేద గ్రంథాలు వాంతిని ఛర్ది అన్నాయి. దానికి ముందుండే బాధకు హృల్లాసం, ఉత్క్లేశం అనే వేరే పేర్లు పెట్టాయి. పాశ్చాత్య వైద్యంలో వాడే ‘నాసియా’ గ్రీకు భాషలో ఓడకు పేరైన ‘నౌస్’ నుంచి పుట్టింది. మన ‘నౌక’ కూడా అదే మూలానికి చెందినది. అంటే గ్రీకులు సముద్ర ప్రయాణంలో కలిగే బాధను బట్టి ఈ లక్షణానికంతటికీ పేరు పెట్టుకున్నారు.

ఒకే లక్షణానికి కారణాలు అనేకం. కలుషితాహారం, కాలేయ వ్యాధి, మూత్రపిండాల వ్యాధి, పార్శ్వపు తలనొప్పి, లోపలి చెవి లోపాలు, మెదడులో ఒత్తిడి పెరగడం, గుండెపోటు, మందుల దుష్ఫలితాలు, అన్నిటిలోనూ వికారం ఉండవచ్చు. వీటన్నిటి చరిత్ర ఒక వ్యాసంలో ఇమిడేది కాదు. అందుకే ఇక్కడ గర్భిణి వికారాన్ని మాత్రమే తీసుకొంటున్నాను. గర్భిణుల్లో పదిమందికి ఏడుగురు దీన్ని ఏదో ఒక స్థాయిలో అనుభవిస్తారు. ఇంత సాధారణం కావడం వల్లనే దీన్ని ‘అందరికీ ఉండేదే’ అని తోసిపుచ్చడం కూడా సాధారణమైంది. మన పాత సినిమాల్లో కథానాయిక నోటికి చెంగు అడ్డం పెట్టుకొని ఒక్కసారి పక్కకు పరుగెత్తితే చాలు, ప్రేక్షకులకు శుభవార్త అందినట్టే. ఆ తరవాతి రెండు మూడు నెలలు ఆమె ఎలా గడిపిందో తెర మీద కనిపించదు. వందమందిలో ఒకరిద్దరికి అది తిండీ నీరూ నిలవని తీవ్రవ్యాధిగా, అంటే ‘హైపరెమెసిస్ గ్రావిడారమ్’గా పరిణమిస్తుంది.

2. ప్రాచీన గ్రంథాల్లో

చరకసంహిత చికిత్సాస్థానంలో ఛర్దికి ప్రత్యేకంగా ఒక అధ్యాయం ఉంది. వాత, పిత్త, కఫ, సన్నిపాతజాలు నాలుగు కాగా, అసహ్యమైన వస్తువుల సంపర్కం వల్ల కలిగేది అయిదవది. సుశ్రుతసంహిత ఉత్తరతంత్రం ఆ అయిదవ రకంలోనే మరికొన్ని కారణాలను చేర్చింది: బీభత్సజం, దౌహృదజం, ఆమజం, అసాత్మ్యజం, క్రిమిజం. జుగుప్స, గర్భం, జీర్ణం కాని ఆహారం, ఒంటికి సరిపడని ఆహారం, క్రిములు అన్నమాట. దోషసిద్ధాంతాన్ని పక్కన పెట్టి చూసినా, కారణాన్ని బట్టి ఈ లక్షణాన్ని విభజించాలన్న దృష్టి ఇందులో స్పష్టంగా ఉంది. గర్భాన్ని క్రిములకూ అజీర్ణానికీ పక్కన నిలిపి, శరీరగతమైన కారణంగానే లెక్కించడం గమనార్హం.

చరకుడు శారీరస్థానంలో గర్భధారణ లక్షణాలు చెబుతూ ఋతుస్రావం ఆగిపోవడం, నోట నీరూరడం, అన్నంపై అయిష్టత, వాంతి, అరుచి, పులుపుపై కోరిక మొదలైనవి పేర్కొన్నాడు. సుశ్రుతుని ప్రకారం నాలుగో నెలలో పిండ హృదయం వ్యక్తమవుతుంది. అప్పుడు తల్లికి రెండు హృదయాలు ఉన్నట్లే, కనుక ఆమె దౌహృదిని. ఆమె కోరికలు తీర్చకపోతే బిడ్డకు అంగవైకల్యం కలుగుతుందన్నాడు. ఈ కార్యకారణ సంబంధాన్ని నేడు ఎవరూ అంగీకరించరు. అయితే దాని సామాజిక ఫలితాన్ని మరవరాదు. గర్భిణి ఏది తినగలనంటే అది తెచ్చిపెట్టడం కుటుంబానికి బాధ్యత అయింది. ఆమె నోటిమాటే అక్కడ ప్రమాణం. కాళిదాసు రఘువంశం మూడో సర్గలో సుదక్షిణ మట్టి రుచి చూడడం, ఆమె నోటి మట్టివాసనకు దిలీపుడు మురిసిపోవడం ఈ సంప్రదాయంలోనివే.

మట్టి తినే ఈ అలవాటును గ్రీకు వైద్యులూ గమనించారు. క్రీ.శ. రెండో శతాబ్ది తొలినాళ్ళలో రోములో వైద్యం చేసిన ఎఫెసస్ వాసి సొరానస్, గర్భిణుల వికారాన్నీ వింత కోరికలనూ కలిపి ‘కిస్సా’ అన్నాడు. అది సుమారు నలభయ్యో రోజున మొదలై, చాలామందిలో నాలుగు నెలలు ఉంటుందని రాశాడు. నేటి ప్రసూతి గ్రంథాలు చెప్పే కాలానికి ఇది చాలా దగ్గర. కిస్సా ఒక పక్షి పేరు. దాని లాటిన్ అనువాదం ‘పైకా’యే తినకూడనివి తినే లక్షణానికి నేటికీ వైద్యపరిభాషలో నిలిచింది. బలపాలు కొరికే, బియ్యంలో మట్టిబెడ్డ ఏరుకునే గర్భిణిని చూసి మన వైద్యులు ఇప్పుడు రక్తహీనతను అనుమానిస్తారు. పేరు మాత్రం పాతదే.

3. నరాల నుంచి మనసుకు

పందొమ్మిదో శతాబ్దంలో ఈ వ్యాధి ఎంతకు తెగించగలదో చెప్పడానికి తరచు ఉదాహరించే మరణం నవలా రచయిత్రి షార్లెట్ బ్రాంటీది. 1854 జూన్‌లో వివాహమైన ఆమె 1855 మార్చి 31న, 38 ఏళ్ళ వయసులో హవర్త్‌లో కన్నుమూసింది. మరణధ్రువపత్రంలో కారణం క్షయ అని ఉంది. 1857లో వెలువడిన జీవితచరిత్రలో ఎలిజబెత్ గాస్కెల్ మాత్రం ఎడతెగని వికారాన్నీ, ఆహారం కనబడితే చాలు కలిగే వెగటునూ, క్రమంగా చిక్కి శల్యమైపోవడాన్నీ వర్ణించింది. దీన్ని ఆధారం చేసుకొనే ఇరవయ్యో శతాబ్దపు వైద్యులు కొందరు మరణకారణం తీవ్రమైన వేవిళ్ళేనని వాదించారు. తాను అప్పుడు అక్కడ ఉండి ఉంటే, ఇంట్లోవాళ్ళకు కోపం వచ్చినా సరే, ప్రాణం నిలవడానికి అవసరమైన పనికి ఆమెను ఒప్పించి ఉండేదాన్నని గాస్కెల్ ఒక ఉత్తరంలో రాసింది. ఆ ‘పని’ గర్భస్రావమేనని పలువురు పరిశోధకుల వ్యాఖ్యానం. 170 ఏళ్ళ తరవాత రోగనిర్ణయం చేయడం సాహసమే. ఆమెకు క్షయ కూడా ఉండవచ్చు. టైఫాయిడ్ వంటి జ్వరాన్ని సూచించినవారూ ఉన్నారు. ఒకటి మాత్రం చెప్పవచ్చు: ఆమె చుట్టూ ఉన్నవారికి అన్నిటికంటె ప్రధానంగా కనబడిన బాధ ధ్రువపత్రంలోకి ఎక్కలేదు.

ఆ కాలపు వైద్యులు గర్భాశయంలోని చికాకు నరాల ద్వారా కడుపుకు చేరుతుందని భావించారు. పరీక్షకు ఏదీ చిక్కకపోవడంతో అన్వేషణ మరో మలుపు తిరిగింది. 1891లో జర్మన్ స్త్రీవైద్య నిపుణుడు కాల్టెన్‌బాఖ్ దీన్ని హిస్టీరియాకు సంబంధించిన నాడీరుగ్మతగా వివరించాడు. తరవాతి దశాబ్దాల్లో మనోవిశ్లేషణ ప్రభావంతో మరో వాదం వచ్చింది: గర్భాన్ని లోలోపల నిరాకరించే స్త్రీ దాన్ని నోటి ద్వారా బయటకు నెట్టజూస్తున్నదట. చికిత్స కూడా సిద్ధాంతానికి తగినట్టే రూపొందింది. రోగిణిని ఒంటరి గదిలో ఉంచడం, భర్తనూ తల్లినీ రానివ్వకపోవడం, వాంతి చేసుకోవడానికి పాత్ర కూడా ఇవ్వకపోవడం 1930ల నాటికి కొన్నిచోట్ల చికిత్సగా చలామణి అయ్యాయి. కొందరు కోలుకున్నారు కూడా. వేవిళ్ళు ఎలాగూ కొన్ని వారాలకు తగ్గేవే కనుక, తగ్గినప్పుడల్లా సిద్ధాంతం రుజువైనట్టు కనబడింది. దౌహృద భావన కార్యకారణాలను తారుమారు చేసినా గర్భిణికి ఆదరణ తెచ్చిపెట్టింది. ఈ ‘శాస్త్రీయ’ భావన ఆమెను అనుమానితురాలిని చేసింది. ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు ఏది ముందడుగో చెప్పడం నాకు కష్టమే.

4. ద్రవం, విటమిన్

బ్రిటన్‌లో 1931–40 మధ్య పదిలక్షల కాన్పులకు ఈ వ్యాధి వల్ల 159 మరణాలు సంభవించగా, 1951–60 నాటికి ఆ సంఖ్య 3కు పడిపోయింది. మనస్తత్వ సిద్ధాంతాల వల్ల జరిగిన మార్పు కాదిది. నరం ద్వారా ద్రవాలు, లవణాలు ఎక్కించే పద్ధతి ఆసుపత్రుల్లో స్థిరపడడం ఇందులో ప్రధానం. వికారానికి కారణం తెలియకుండానే ప్రాణం నిలబెట్టడం సాధ్యమైంది.

మన ఊళ్ళలో ‘సెలైన్ ఎక్కించడం’ అనే మాటకు ఉన్న పలుకుబడి అందరికీ తెలిసిందే. అయితే ఆ సీసాలో ఉన్నది గ్లూకోజ్ అయినప్పుడు ఒక ప్రమాదం ఉంది. దాని చరిత్రకు తెలుగు నేలతో సంబంధం కూడా ఉంది. 1881లో జర్మన్ వైద్యుడు కార్ల్ వెర్నికె చూపు చెదరడం, నడక తూలడం, మతి తప్పడం కలిసి కనబడిన ముగ్గురు రోగులను వర్ణించాడు. ఇద్దరు తాగుడుకు బానిసలైన పురుషులు. మూడోవ్యక్తి గంధకామ్లం తాగి, ఆ తరవాత ఎడతెగని వాంతులకు లోనైన యువతి. ముగ్గురిలోనూ సమానమైన అంశం థయామిన్, అంటే విటమిన్ బి-1 లోపమని తేలడానికి అర్ధశతాబ్దం పట్టింది. ఈ విటమిన్ నిల్వ శరీరంలో రెండు మూడు వారాలకు మించి చాలదు. గ్లూకోజ్‌ను వినియోగించుకోవడానికి అది అవసరం. వారాల తరబడి తిండి నిలవని గర్భిణికి థయామిన్ ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మిగిలిన కాస్త నిల్వా ఖర్చయి మెదడు దెబ్బతినవచ్చు. అందుకే ముందు థయామిన్, తరవాతే గ్లూకోజ్ అని నేటి మార్గదర్శకాలు చెబుతున్నాయి.

ఇదే లోపం నరాలనూ గుండెనూ దెబ్బతీస్తే బెరిబెరి. బాగా మరపట్టిన బియ్యమే ప్రధానాహారమైన ప్రాంతాల జబ్బు అది. ఉత్తర సర్కారులు దానికి పేరుపడ్డ చోటు. మద్రాసు సైనిక వైద్యుడు జాన్ గ్రాంట్ మాల్కమ్‌సన్ బెరిబెరిపై రాసిన గ్రంథం 1835లో మద్రాసులో అచ్చయింది. థయామిన్ నిర్మాణాన్ని తేల్చి, దాన్ని ప్రయోగశాలలో తయారు చేసి 1936లో ప్రకటించిన రాబర్ట్ విలియమ్స్ అమెరికన్ బాప్టిస్టు మిషనరీ దంపతుల కుమారుడు. 1886లో ఆయన పుట్టింది నెల్లూరులో.

5. మెదడులో ఒక చోటు

1940ల చివర, 50ల తొలినాళ్ళలో అమెరికన్ శరీరధర్మ శాస్త్రజ్ఞులు బోరిసన్, వాంగ్ జంతువులపై చేసిన ప్రయోగాలు వికారాన్ని మళ్ళీ శరీరంలోకి తెచ్చాయి. మెదడు కాండం వెనకభాగంలో ‘ఏరియా పోస్ట్రీమా’ అనే చిన్న కణజాలం ఉంది. మెదడులో అత్యధిక భాగాన్ని రక్తంలోని పదార్థాల నుంచి కాపాడే అడ్డుగోడ అక్కడ ఉండదు. ఆ చోటును తొలగిస్తే అపోమార్ఫిన్ వంటి మందులు ఇచ్చినా జంతువుకు వాంతి రాలేదు. రక్తంలో కలిసిన పదార్థాన్ని పసిగట్టి వాంతిని ప్రేరేపించే స్థానం ఇదేనని 1953 నాటి వారి సమీక్షావ్యాసం స్థిరపరిచింది.

అయితే ఈ ప్రయోగాలన్నీ కొలిచింది వాంతినే. జంతువుకు వికారం ఉందో లేదో అది చెప్పలేదు. ఎలుకకైతే వాంతి చేసుకొనే శక్తి కూడా లేదు. ఎలుకకు వికారం కలిగించే పదార్థం ఇస్తే అది తెల్లమట్టి తినడం మొదలుపెడుతుందని తరవాత గమనించారు. ఎంత మట్టి తిన్నదో తూచి వికారాన్ని అంచనా వేయడం నేడు ప్రయోగశాలల్లో ఆమోదించిన పద్ధతి. సుదక్షిణ ఇక్కడ గుర్తుకు రాక మానదు.

6. మందు, భయం

పశ్చిమ జర్మనీలో 1957 అక్టోబర్‌లో ‘కాంటెర్గాన్’ పేరుతో అమ్మకానికి వచ్చిన థాలిడొమైడ్ నిజానికి నిద్రమాత్ర. సురక్షితమని ప్రచారం పొందడంతో వేవిళ్ళకూ విరివిగా వాడారు. 1961 నవంబర్‌లో జర్మనీలో విడుకిండ్ లెంజ్, డిసెంబర్‌లో లాన్సెట్ పత్రికలో ఆస్ట్రేలియా వైద్యుడు విలియం మెక్‌బ్రైడ్ చేసిన హెచ్చరికల నాటికే వేల మంది పిల్లలు కాళ్ళూ చేతులూ సరిగా ఏర్పడకుండా పుట్టారు. ప్రపంచం మొత్తం మీద బాధితులు పదివేలకు పైనే. అమెరికాలో ఆహార ఔషధ సంస్థ అధికారిణి ఫ్రాన్సెస్ కెల్సీ నరాలపై దుష్ప్రభావాల గురించి మరింత సమాచారం కావాలని పట్టుబట్టి అనుమతిని నిలిపివేయడం వల్ల అక్కడ నష్టం పరిమితమైంది. 1962లో అమెరికా ఔషధ చట్టాన్ని కఠినతరం చేసింది.

ఈ కథ ఇంతవరకు అందరికీ తెలిసిందే. తక్కువగా చర్చించేది దాని తరవాతి భాగం. 1956 నుంచి అమెరికాలో వేవిళ్ళకు వాడుకలో ఉన్న ‘బెండెక్టిన్’లో డాక్సిలమిన్, పిరిడాక్సిన్ (విటమిన్ బి-6) ప్రధాన ద్రవ్యాలు. మొదట ఉన్న డైసైక్లోమిన్‌ను 1976లో తొలగించారు. థాలిడొమైడ్ భయం నీడలో దీనిపైనా వందలాది దావాలు పడ్డాయి. ఇది అవయవలోపాలు కలిగిస్తుందని అధ్యయనాలు చూపలేదు. అయినా న్యాయపోరాటాల ఖర్చు భరించలేక తయారీదారు 1983లో దాన్ని మార్కెట్ నుంచి ఉపసంహరించుకొన్నాడు. ఆ తరవాత పుట్టుకలోపాల నిష్పత్తి తగ్గలేదు. తీవ్రమైన వేవిళ్ళతో ఆసుపత్రుల్లో చేరే స్త్రీల సంఖ్య మాత్రం పెరిగింది. న్యాయస్థానాల్లో శాస్త్రీయ సాక్ష్యాన్ని ఎలా తూచాలన్న ప్రశ్నపై అమెరికా సుప్రీంకోర్టు 1993లో ఇచ్చిన డాబర్ట్ తీర్పు ఈ మందు వివాదంలోనే పుట్టింది. థాలిడొమైడ్ ప్రమాదాన్ని చాటి కీర్తి పొందిన మెక్‌బ్రైడ్ ఈ మందుకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పాడు. కుందేళ్ళపై హయోసిన్ అనే మరో మందు ప్రభావాన్ని చూపిన తన పరిశోధనపత్రంలో ఫలితాలను మార్చినట్టు విచారణలో తేలడంతో అదే 1993లో అతని పేరును వైద్య రిజిస్టర్ నుంచి తొలగించారు. ఒకసారి నిజం చెప్పినవాడు రెండోసారీ నిజమే చెబుతాడని నమ్మడం ఎంత సులభమో దీన్ని బట్టి ఊహించవచ్చు.

డాక్సిలమిన్, పిరిడాక్సిన్ మిశ్రమాన్ని 2013లో అమెరికా తిరిగి ఆమోదించింది. ముప్పయ్యేళ్ళ పాటు అక్కడి గర్భిణులకు తగిన పేరుతో దొరకని ఈ మందు కెనడాలో వాడుకలోనే ఉంది. మన దేశంలోని వైద్యులు వేవిళ్ళకు సాధారణంగా రాసే మాత్రల్లోనూ ఇదే మిశ్రమం ఉంటుంది.

7. పిండం పంపే సంకేతం

1920ల చివర ఆష్‌హైమ్, జోండెక్ గర్భిణుల మూత్రంలో హార్మోన్‌ను గుర్తించి గర్భనిర్ధారణ పరీక్షను రూపొందించినప్పటి నుంచి, జరాయువు స్రవించే ఆ హెచ్‌సిజి పైనే అనుమానం నిలిచింది. దాని స్థాయి పెరిగి తగ్గే కాలం, వేవిళ్ళు పెరిగి తగ్గే కాలం ఇంచుమించు ఒకటే. కాలాలు కలవడం కారణం కాదు కదా. ఆ అనుమానం రుజువు దాకా వెళ్ళలేదు.

ఈ చిక్కుముడిలో ఒక పోగును విప్పినది జన్యుశాస్త్రవేత్త మార్లీనా ఫీజో. 1999లో ఆమె స్వయంగా ఈ వ్యాధికి గురై, గర్భాన్ని కోల్పోయారు. ఇతరుల దృష్టిని ఆకర్షించడానికే ఇలా ప్రవర్తిస్తున్నారని అప్పటి వైద్యుడు అన్నట్టు ఆమె చెప్పుకున్నారు. వేలాది స్త్రీల జన్యుసమాచారాన్ని పరిశీలించి 2018లో ఆమె బృందం ప్రకటించిన పరిశోధనలో జిడిఎఫ్-15 అనే ప్రోటీన్‌కు చెందిన జన్యువు ముందుకు వచ్చింది. అంతకు ఒక ఏడాది ముందే ఈ ప్రోటీన్‌ను అందుకొనే గ్రాహకాన్ని నాలుగు పరిశోధక బృందాలు విడివిడిగా గుర్తించాయి. అది ఉన్నది ఏరియా పోస్ట్రీమాలోను, దాని పొరుగు కేంద్రంలోను. బోరిసన్, వాంగ్ వేలుపెట్టి చూపిన చోటే అది.

2023 డిసెంబర్‌లో నేచర్ పత్రికలో ఫీజో, కేంబ్రిడ్జ్‌కు చెందిన స్టీఫెన్ ఓరాహిలీ తదితరులు ఈ వివరణను పూర్తిచేశారు. గర్భిణి రక్తంలో పెరిగే జిడిఎఫ్-15లో అత్యధిక భాగం పిండం, జరాయువుల నుంచే వస్తుంది. గర్భానికి ముందు ఈ ప్రోటీన్ తక్కువగా ఉన్న స్త్రీలకు దానిపై అలవాటు ఉండదు కనుక, ఒక్కసారిగా పెరిగినప్పుడు తీవ్రంగా బాధపడతారు. బీటా థలసీమియా ఉన్న స్త్రీల రక్తంలో అది జీవితమంతా ఎక్కువగానే ఉంటుంది. వారిలో వేవిళ్ళు చాలా అరుదు. తల్లి శరీరం మరో ప్రాణి పంపిన సంకేతానికి స్పందిస్తున్నదన్న మాట వినగానే సుశ్రుతుని ‘రెండు హృదయాలు’ జ్ఞాపకం వస్తాయి. ఆ పోలికను పోలికగానే ఉంచాలి. ప్రాచీనులకు ఈ ప్రోటీన్ తెలుసునని వాదించడానికి అందులో ఆధారమేమీ లేదు.

ఈ ఒక్క ప్రోటీన్‌తో అన్ని కేసులూ తేలిపోవు. గర్భిణికి వచ్చిన వాంతులన్నీ వేవిళ్ళూ కావు. మూత్రమార్గ ఇన్ఫెక్షన్, కామెర్లు, అపెండిసైటిస్, థైరాయిడ్ వికృతి, ముత్యాల గర్భం మొదలైనవి ఉన్నాయేమో చూడవలసిందే. తొమ్మిదో వారం దాటాక కొత్తగా మొదలైన వికారాన్ని వేవిళ్ళుగా సరిపెట్టుకోరాదని వైద్యులు హెచ్చరిస్తారు.

8. కొలత, మాట

తీవ్రతను నిర్ణయించడానికి ఆసుపత్రుల్లో చాలాకాలంగా మూత్రంలో కీటోన్‌ల పరీక్ష చేస్తున్నారు. కీటోన్‌లు లేవంటే జబ్బు అంత తీవ్రంగా లేదని వెనక్కి పంపేవారు. కీటోన్‌ల పరిమాణానికీ వ్యాధి తీవ్రతకూ సంబంధం లేదని 2014 నాటి ఒక సమీక్షలో తేలింది. 2024లో బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ అబ్‌స్టెట్రిషియన్స్ అండ్ గైనకాలజిస్ట్స్ ప్రకటించిన మార్గదర్శకాలు కూడా ఆ పరీక్షను తీవ్రతకు ప్రమాణంగా తీసుకోరాదన్నాయి. దాని బదులు 2002లో టొరంటోలో రూపొందిన ‘ప్యూక్’ ప్రశ్నావళిని సూచించాయి. అందులో ఉన్నవి మూడే ప్రశ్నలు: గడచిన ఇరవైనాలుగు గంటల్లో వికారం ఎన్ని గంటలు ఉంది, వాంతి ఎన్నిసార్లు అయింది, ఏమీ బయటకు రాకుండా ఓకరింత ఎన్నిసార్లు వచ్చింది. ఒక్కో జవాబుకు ఒకటి నుంచి అయిదు వరకు గుణాలు వేస్తారు. మొత్తం ఆరు లేదా అంతకు తక్కువ ఉంటే స్వల్పం, పదమూడు లేదా అంతకు ఎక్కువ ఉంటే తీవ్రం.

మొదటి ప్రశ్న వికారం గురించి. దానికి జవాబు రోగిణి నోటినుంచే రావాలి. దాన్ని తెలుగులో అడగవలసి వచ్చినప్పుడు ‘వికారం’ అంటే అందరూ అర్థం చేసుకొంటారా, ‘కడుపులో తిప్పడం’ అంటే తలతిరుగుడుతో కలిసిపోతుందా, ‘డోకు’ అన్నది కొన్నిచోట్ల వాంతికీ కొన్నిచోట్ల ఓకరింతకూ వాడే మాట కనుక రెండు మూడు ప్రశ్నలను గందరగోళపరుస్తుందా అన్నవి తేల్చుకోవలసిన విషయాలు. ఉత్తరాంధ్ర, రాయలసీమ, తెలంగాణ గర్భిణులు ఈ మూడు స్థితులకు ఏయే మాటలు వాడుతున్నారో సేకరించే పనిలో ప్రసూతి వైద్యులతో పాటు మాండలిక పరిశోధకులకూ చోటుంది.